కాజీపేటలో 10:52, పెద్దపల్లిలో ఇంకా పదే

కాజీపేట జంక్షన్‌లో ఒక గూడ్సు బండి పావుగంట ఎక్కువ నిలబడిందనుకుందాం. ఆ పావుగంట అక్కడితో పోదు. వెనక జమ్మికుంట దగ్గర ఇంకో బండి ఆగుతుంది. ఇటు వరంగల్‌లో ప్లాట్‌ఫాం మారుతుంది. మహబూబాబాద్‌లో ప్యాసింజర్ కోసం చూసేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. ఎక్కడ ఆలస్యమైతే ఎక్కడిదాకా పాకుతుందో తెలుసుకోవడానికి నిజం బండ్లను ఆపి చూడలేం కదా. అందుకే రైలు మార్గాన్నంతా కంప్యూటర్‌లో నడిపించి చూస్తారు. సిమ్యులేషన్ అంటే అదే.

ఇందులో గడియారం టిక్కుటిక్కుమని నడవదు, గెంతుతుంది. 10:12కి ఒక బండి వచ్చింది, మళ్లీ 10:31 దాకా ఏమీ జరగలేదంటే మధ్యలోని 19 నిమిషాలను ఒక్క గెంతులో దాటేస్తుంది. జరగాల్సిన ఘటనలన్నీ వాటి సమయాలతో సహా ఒక జాబితాలో ఉంటాయి. అన్నిటికంటే ముందున్నదాన్ని తీయాలి, జరిపించాలి, దానివల్ల పుట్టిన కొత్త ఘటనలను జాబితాలో చేర్చాలి, మళ్లీ ముందున్నదాన్ని తీయాలి. పని ఇంతే. ఒకే కంప్యూటర్, ఒకే జాబితా ఉన్నన్నాళ్లు వరుస తప్పే ప్రశ్నే లేదు.

పని పంచుకున్నప్పుడే చిక్కు. మార్గం పెద్దదై, నెలల తరబడి రాకపోకలను నడిపించి చూడాలంటే ఒక్క ప్రాసెసర్ సరిపోదు. పెద్దపల్లిని ఒకదానికి, కాజీపేటను ఇంకోదానికి, వరంగల్‌ను మూడోదానికి అప్పగిస్తారు. ఒక్కో భాగాన్ని ఈ రంగంలో లాజికల్ ప్రాసెస్ అంటారు. ఇక్కడ స్టేషన్ అనుకుంటే సరిపోతుంది. ప్రతి స్టేషన్‌కీ సొంత జాబితా, సొంత గడియారం ఉంటాయి. పెద్దపల్లిలో పదింటికి బండి కదిలితే, ‘ఈ బండి 10:35కి నీ దగ్గరికి వస్తుంది’ అని కాజీపేటకు ఒక మెసేజ్ పోతుంది. దాని మీదున్న 10:35 టైమ్‌స్టాంప్.

కాజీపేట భాగంలో ఆ కాసేపు పని తక్కువగా ఉండి, దాని ప్రాసెసర్ చకచకా 10:52 దాకా వెళ్లిపోయింది. పెద్దపల్లి ప్రాసెసర్ మీద బరువెక్కువ, అది ఇంకా పదింటి దగ్గరే ఉంది. ఇప్పుడు వచ్చింది ఆ 10:35 మెసేజ్. కానీ కాజీపేటలో ప్లాట్‌ఫాం ఖాళీగా ఉందని 10:40కే ఇంకో బండిని తెచ్చి పెట్టేశారు, 10:52కి దాన్ని వరంగల్ పంపేశారు కూడా. జరిగిపోయిన రోజులోకి కొత్త బండి వచ్చి దూరింది. ఈ గొడవ రాకుండా చూసేవి, వచ్చినా సర్దేవి టైమ్ సింక్రనైజేషన్ ప్రోటోకాల్స్, అంటే సమయాల వరుసను కాపాడే నియమాలు.

పేరు చూసి ఒక పొరపాటు పడే వీలుంది. ఫోన్లు, సర్వర్లలో గడియారాలను ఒకే సమయానికి తెచ్చే ప్రోటోకాల్ ఒకటి ఉంది, డేవిడ్ మిల్స్ రూపొందించిన ఎన్‌టీపీ. 1985 నుంచీ వాడుకలో ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ గడియారాలన్నీ ఒకే సమయం చూపించాల్సిన పని లేదు. నిజానికి వేర్వేరుగా ఉంటేనే లాభం, లేకపోతే పని పంచుకుని ప్రయోజనమేముంది? కావాల్సింది ఒక్కటే: ప్రతి స్టేషన్ తన ఘటనలను టైమ్‌స్టాంపుల వరుసలోనే జరిపించాలి. ఆ ఒక్క నియమాన్ని అందరూ పాటిస్తే, చివరికి వచ్చే ఫలితం ఒకే కంప్యూటర్ మీద నడిపినప్పటి ఫలితమే. విడివిడిగా ఉన్న యంత్రాల మధ్య అసలు ముఖ్యమైంది గంటా నిమిషమూ కాదు, ఏది ముందు ఏది వెనక అన్నదేనని కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే రాశారు. ఆ ఆలోచన నీడ ఈ రంగమంతటా కనిపిస్తుంది.

లైన్ క్లియర్ పద్ధతి

రైల్వేలో పాత నియమం ఒకటుంది. ముందు స్టేషన్ లైన్ క్లియర్ ఇవ్వనిదే స్టేషన్ మాస్టర్ బండిని వదలడు. ఎంత ఆలస్యమవుతున్నా, లైను ఖాళీగా ఉందని తనకు తెలిసినా సరే, అడగాలి, జవాబు రావాలి. సిమ్యులేషన్‌లో కన్జర్వేటివ్ ప్రోటోకాల్స్ అనేవి ఇదే తీరు. ఇంతకంటే ముందు సమయంతో ఇక ఏ మెసేజ్ రాదని రూఢి అయ్యాకే ఘటనను ముట్టుకుంటాయి.

ఆ రూఢి ఎలా దొరుకుతుంది? దారి చూపించినవాళ్లు ముగ్గురు. 1977లో ఎంఐటీలో రాండల్ బ్రయంట్, 1979లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో మణి చాందీ, జయదేవ్ మిశ్రా విడివిడిగా ఇదే పద్ధతికి వచ్చారు. చాందీ ఐఐటీ మద్రాసులో, మిశ్రా ఐఐటీ కాన్పూర్‌లో చదివి వెళ్లినవాళ్లు. పద్ధతిని ఇప్పటికీ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో సీఎంబీ అనే పిలుస్తారు.

కిటుకు ఏమిటంటే, పంపడానికి బండి లేకపోయినా కబురు మాత్రం పంపుతూ ఉండటం. పెద్దపల్లి గడియారం పది చూపిస్తోంది. అక్కడి నుంచి ఎంత వేగంగా వచ్చినా కాజీపేటకు 35 నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే ఇక మీద పెద్దపల్లి నుంచి వచ్చే ఏ బండైనా 10:35 కంటే ముందు రాలేదు. కాబట్టి పెద్దపల్లి ‘10:35 దాకా నా వైపు నుంచి ఏమీ లేదు’ అని ఒక ఖాళీ మెసేజ్ పంపేస్తుంది. దీన్ని నల్ మెసేజ్ అంటారు. మిగతా దిక్కుల నుంచి కూడా ఇలాంటి మాట అందితే, కాజీపేట 10:35 దాకా ఎవరినీ అడగకుండా పని చేసుకుపోవచ్చు. ఆ 35 నిమిషాలకు ఈ రంగంలో పేరు లుక్‌ఎహెడ్. ముందు ఎంత దూరం వరకు మాట ఇవ్వగలమో చెప్పే కొలత అన్నమాట.

ఈ కొలత ఎంత పని చేస్తుందో దగ్గరగా చూడాలంటే కాజీపేట, వరంగల్ జంటను తీసుకోవాలి. రెండిటి మధ్య దూరం పది కిలోమీటర్లే. లుక్‌ఎహెడ్ 6 నిమిషాలు అనుకుందాం. రెండు చోట్లా గడియారం పది. రెండు చోట్లా తర్వాతి బండి 11:00కే, మధ్యలో ఏమీ లేదు. మనకు పైనుంచి చూస్తే అది తెలుస్తోంది, వాటికి తెలియదు. కాజీపేట అంటుంది: ‘10:06 దాకా నా నుంచి ఏమీ రాదు.’ ఆ భరోసాతో వరంగల్ అంటుంది: ‘అలాగైతే 10:12 దాకా నా నుంచి ఏమీ రాదు.’ మళ్లీ కాజీపేట 10:18, వరంగల్ 10:24. ఇలా ఒకరికొకరు చెప్పుకుంటూ పోతే పదో కబురుకి 11:00 చేరతారు. ఒక్క బండీ కదలని గంటకు పది కబుర్లు. లుక్‌ఎహెడ్ ఒక్క నిమిషమే అయితే 60 కబుర్లు. అదే 35 నిమిషాలైతే రెండు కబుర్లకే 11:10 దాకా భరోసా వచ్చేస్తుంది. ఇక లుక్‌ఎహెడ్ సున్నా అయితే? ‘10:00 దాకా ఏమీ లేదు’, ‘అలాగైతే నాకూ 10:00 దాకా ఏమీ లేదు’. ఆ మాట అక్కడే తిరుగుతూ ఉంటుంది, గడియారం కదలదు.

నల్ మెసేజ్‌లు అసలే పంపకపోతే ఇంకో గతి పడుతుంది. మీరు ముందంటే మీరు ముందని పెళ్లింటి గుమ్మం దగ్గరే నిలబడిపోయిన వియ్యంకుల్లా, ఒకరి కోసం ఒకరు ఆగి మొత్తం స్తంభించిపోతుంది. దీన్నే డెడ్‌లాక్ అంటారు. 1981లో చాందీ, మిశ్రా దీనికీ ఒక దారి చెప్పారు: స్తంభించనివ్వండి, కనిపెట్టండి, విడిపించండి. అన్ని జాబితాల్లో కలిపి అతి తక్కువ టైమ్‌స్టాంప్ ఉన్న ఘటనను జరిపిస్తే ఎప్పుడూ తప్పు రాదు, దాన్ని వెనక్కి నెట్టేది ఇంకేదీ లేదు కనుక. ఆ ఒక్కదాన్ని వదిలితే ముడి విడిపోతుంది. వినడానికి బాగుంటుంది కానీ, పదేపదే స్తంభించే మోడల్‌లో కనిపెట్టడానికే సమయమంతా పోతుంది.

మాట ఇవ్వాలంటే ముందు దారులన్నీ తెలిసుండాలి. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే బండ్లు కొన్ని కాజీపేట స్టేషన్‌లోకి రాకుండానే వరంగల్ వైపు తిరిగిపోతాయి. మోడల్ రాసినవాళ్లు ఈ సంగతి మరచి వరంగల్‌కు వచ్చేవన్నీ కాజీపేట మీదుగానే వస్తాయని గీస్తే, వరంగల్ కేవలం కాజీపేట మాట నమ్ముకుని ముందుకు పోతుంది. ప్రోటోకాల్ తన పని తాను సరిగ్గానే చేస్తుంది, జవాబు మాత్రం తప్పు వస్తుంది.

ముందు నడిచి, తర్వాత వెనక్కి

పట్టాల మీద ఢీకొన్న బండ్లను ఢీకొనక ముందుకు తీసుకుపోలేం. కంప్యూటర్‌లో తీసుకుపోవచ్చు. అలాంటప్పుడు లైన్ క్లియర్ కోసం కూర్చోవడం దేనికి? డేవిడ్ జెఫర్సన్ ఆలోచన ఇదే. 1982లో రాండ్ సంస్థలో హెన్రీ సోవిజ్‌రల్‌తో కలిసి మొదలుపెట్టి, 1985లో ప్రచురించిన వ్యాసంలో దానికి పూర్తి రూపం ఇచ్చారు. పేరు టైమ్ వార్ప్. చేతికందిన ఘటనను జరిపించుకుంటూ పోవడమే. వెనకటి సమయంతో మెసేజ్ వస్తే అప్పుడు చూసుకుందాం అన్న తరహా.

మొదట చూసిన గొడవనే టైమ్ వార్ప్ ఎలా సర్దుతుందో చూద్దాం. కాజీపేట 10:31, 10:40, 10:52 ఘటనలను జరిపించేసింది. ప్రతిసారీ తన పరిస్థితిని, అంటే ఏ ప్లాట్‌ఫాంలో ఏ బండి ఉందో, నకలు తీసి దాచుకుంది. 10:35 మెసేజ్ వచ్చింది. వెంటనే 10:31 నాటి నకలు తీసి పరిస్థితిని అక్కడికి మార్చేస్తుంది. 10:40, 10:52 జరగనట్టే లెక్క. మళ్లీ జాబితాలోకి పోతాయి. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు.

ఇంతవరకు ఇంటి సంగతి. 10:52కి బండిని వదిలినప్పుడు ‘10:58కి నీ దగ్గరికి వస్తుంది’ అని వరంగల్‌కు మెసేజ్ పోయింది కదా, దాని మాటేమిటి? వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో తప్పు తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ, రాసిచ్చారనుకోండి. మన దగ్గరున్న నకలు చించేస్తే సరిపోదు, అది చూసుకుని అడ్తీదారు ఖాతాలో ఎక్కించిన పద్దునూ కొట్టేయించాలి. ఇక్కడ ఆ పని చేసేది యాంటీ మెసేజ్. అచ్చం మొదటి మెసేజ్ లాంటిదే, గుర్తు మాత్రం మైనస్. వరంగల్ ఇంకా 10:58 దాకా రాకపోతే రెండూ జాబితాలోనే కలిసి మాయమైపోతాయి. వరంగల్ ఆ ఘటనను జరిపించేసి ఉంటే అది కూడా వెనక్కి నడవాలి, తాను మహబూబాబాద్‌కు పంపినవాటి వెంట తన యాంటీ మెసేజ్‌లను తరమాలి. ఒక్కోసారి అసలు మెసేజ్ కంటే దాన్ని రద్దు చేసేదే ముందు చేరుతుంది. అప్పుడు అది జాబితాలో కాచుకుని ఉండి, అసలుది రాగానే దాన్ని మాయం చేసి తానూ పోతుంది.

జెఫర్సన్ పద్ధతిలో గొప్పతనం ఈ యాంటీ మెసేజ్‌లోనే ఉంది. ఎంత దూరం పాకిన తప్పునైనా ఈ ఒక్క ఉపాయమే వెంటాడి తుడిచేస్తుంది, ఇంకే ప్రత్యేక ఏర్పాటూ అక్కర్లేదు. దీనికి చిన్న సవరణ కూడా ఉంది. మళ్లీ లెక్క వేసినా ఆ బండి 10:52కే బయల్దేరవచ్చు. అప్పుడు పాత మెసేజ్ సరైనదే. కాబట్టి తొందరపడి రద్దు చేయకుండా, కొత్త లెక్క తేలేదాకా ఆగి, తేడా వస్తేనే యాంటీ మెసేజ్ పంపడం. దీన్ని లేజీ క్యాన్సలేషన్ అంటారు. ఈ బద్ధకం చాలాసార్లు లాభమే.

ఖర్చు మాత్రం తక్కువేం కాదు. ప్రతి ఘటనకూ నకలు తీస్తూ పోతే జ్ఞాపకశక్తి, అదే కంప్యూటర్ మెమరీ, నిండిపోతుంది. ఇక వెనక్కి పోవాల్సిన అవసరం రాదని తెలిసిన పాత నకళ్లను పారేయాలి. ఎంత పాతవి? దానికి జీవీటీ అనే గీత ఉంది, గ్లోబల్ వర్చువల్ టైమ్. అన్ని స్టేషన్ల గడియారాల్లోనూ, ఇంకా దారిలో ఉన్న మెసేజ్‌లన్నిటిలోనూ కలిపి అతి తక్కువ సమయం అది. దాని కంటే వెనక్కి ఎవరూ పోలేరు. చెరిపేయలేని పని ఏదైనా, అంటే ఫలితం అచ్చువేయడం, ఫైల్లోకి రాయడం లాంటివి, జీవీటీ దాటాకే చేయాలి.

దారిలో ఉన్న మెసేజ్‌లు అన్న మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మొదటిసారి రాసే ప్రోగ్రాములు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక్కో స్టేషన్‌కీ ఫోన్ చేసి టైమెంతైందని అడిగారనుకుందాం. పెద్దపల్లి 10:50 అంది, కాజీపేట 10:52 అంది. తక్కువది 10:50 అని రాసుకున్నారు. కానీ పెద్దపల్లి అంతకుముందు పంపిన 10:35 మెసేజ్ ఇంకా కేబుల్‌లోనే ఉంది, ఎవరి లెక్కలోకీ రాలేదు. 10:50 నమ్ముకుని పాత నకళ్లు పారేస్తే, ఆ మెసేజ్ చేరాక వెనక్కి పోవడానికి మెట్టే ఉండదు. ఫ్రీడెమాన్ మాటెర్న్ 1993లో దీనికి చూపిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది: మెసేజ్‌లకు రంగు వేయడం. లెక్క మొదలుకాక ముందు పంపినవి తెల్లవి, తర్వాతవి ఎర్రవి. పంపిన తెల్లవన్నీ చేరాయని లెక్క సరిపోయేదాకా జీవీటీ తేల్చరు. ఇందుకోసం ఎవరి పనీ ఆపక్కర్లేదు.

నకళ్ల భారం తగ్గించే ఇంకో దారిని 1999లో కరోథర్స్, పెరుమాళ్ల, ఫుజిమోటో చూపించారు. నకలు తీయడం మానేసి, ఘటనను తిరగేసి వెనక్కి నడిపించడం. ప్లాట్‌ఫాంలో బండ్ల సంఖ్యకు ఒకటి కలిపి ఉంటే, రోల్‌బ్యాక్‌లో ఒకటి తీసేయడం. ఇలా ఉల్టా చేయగల పనులకు మెమరీ ఖర్చు దాదాపు ఉండదు. ఈ పద్ధతితోనే 2013లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో సెకోయా సూపర్ కంప్యూటర్ మీద 19,66,080 కోర్లలో టైమ్ వార్ప్ నడిపి, సెకనుకు 50,400 కోట్ల ఘటనలు జరిపించారు. అయితే అది ఫోల్డ్ అనే పరీక్ష మోడల్. ఘటన జరగడం, ఎటో ఒకవైపు ఇంకో మెసేజ్ పంపడం తప్ప అందులో ఏమీ లేదు. ప్లాట్‌ఫాంలు, సిగ్నళ్లు, ఇంజిన్ మార్పులు ఉన్న మోడల్ నుంచి ఆ వేగం ఆశించకూడదు.

ఆశతో ముందుకు పోయే పద్ధతికి ఇంకో ముప్పు ఉంది. రావాల్సిన మెసేజ్ రాకముందే లెక్క వేస్తున్నాం కనుక, నిజంలో ఎన్నడూ రాని పరిస్థితి అక్కడ పుట్టవచ్చు. బండి వచ్చిన మెసేజ్ కంటే పోయిన మెసేజ్ ముందు చేరితే ప్లాట్‌ఫాంలో మైనస్ ఒక బండి. దాన్ని చూసి ప్రోగ్రాం క్రాష్ కావచ్చు, ఎడతెగని లూపులో పడవచ్చు. కాసేపాగితే రోల్‌బ్యాక్ వచ్చి సరిచేసేదే, కానీ అప్పటికే ప్రోగ్రాం పోయింది.

ఎక్కడ కోయాలి

కన్జర్వేటివ్ మంచిదా, టైమ్ వార్ప్ మంచిదా అన్న వాదన 1980ల నుంచీ ఉంది. నిజం చెప్పాలంటే అది రెండో ప్రశ్న. మోడల్‌ను ఎక్కడ ముక్కలు కోశారన్నది మొదటి ప్రశ్న, సగం జవాబు అక్కడే తేలిపోతుంది. కాజీపేట, వరంగల్ మధ్య కోస్తే లుక్‌ఎహెడ్ 6 నిమిషాలు. ఆ రెంటినీ కలిపి ఒకే ప్రాసెసర్‌కిచ్చి పెద్దపల్లి వైపు కోస్తే 35. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ సంగతైతే ఇంకా హాయి. పోచంపాడు దగ్గర గేటు ఎత్తిన సంగతి 146 కిలోమీటర్లు దాటి లోయర్ మానేరుకు తెలియడానికి గంటల కొద్దీ పడుతుంది. అంత లుక్‌ఎహెడ్ చేతిలో ఉండగా రోల్‌బ్యాక్ గొడవ ఎందుకు?

ఎనుమాముల యార్డు అందుకు పూర్తిగా తలకిందులు. పొద్దున జెండా పాటలో, అంటే ఆ రోజు ధర తేల్చే వేలంలో, మిర్చి ధర పలకగానే ఆ కబురు యార్డంతా ఒక్కసారే పాకుతుంది, ప్రతి కుప్ప దగ్గరా బేరం దాన్నిబట్టే సాగుతుంది. యార్డును ఎలా కోసినా ముక్కల మధ్య లుక్‌ఎహెడ్ సున్నాకు దగ్గరే. ఇక్కడ నల్ మెసేజ్‌లు ప్రవాహంలా పోతాయి తప్ప పని జరగదు. టైమ్ వార్ప్ ప్రయత్నించవచ్చు. ఒకే ప్రాసెసర్ మీద నడుపుకోవడం ఇంకా తెలివైన పని కావచ్చు.

మేడారం జాతర రోజుల రోడ్డు రద్దీని నడిపిస్తే చిక్కు వేరే రకంగా వస్తుంది. ఘటనలన్నీ పస్రా, తాడ్వాయి, మేడారం దగ్గరే. జనగామ ముక్కకు పనే లేదు. టైమ్ వార్ప్‌లో అలాంటి ముక్క గంటల తరబడి ముందుకు దౌడు తీసి, తర్వాత తిరుగు ప్రయాణం బస్సులు మెసేజ్‌లుగా వచ్చిపడేసరికి చేసిందంతా చెరుపుకుంటుంది. అందుకే జీవీటీ కంటే ఇన్ని నిమిషాలకు మించి ముందుకు పోవద్దని కళ్లెం వేస్తారు. రెండు పద్ధతులకూ మధ్య రాజీ లాంటిది ఇది, ఆచరణలో చాలా మంది ఉండేదీ అక్కడే.

వేర్వేరు వాళ్లు వేర్వేరుగా రాసిన సిమ్యులేటర్లను కలిపి నడపాలన్నప్పుడు, ఉదాహరణకు బొగ్గు లోడింగ్‌ది ఒకరు, రైలు మార్గానిది ఇంకొకరు రాసినప్పుడు, లోపల ఎవరి పద్ధతి వారిదే కనుక ఒక ఉమ్మడి ఒప్పందం కావాలి. అమెరికా రక్షణ శాఖ మొదలుపెట్టిన హెచ్‌ఎల్‌ఏ, అంటే హై లెవల్ ఆర్కిటెక్చర్, అలాంటి ఒప్పందమే. అది 2000లో ఐఈఈఈ 1516 ప్రమాణంగా వచ్చింది. అందులో ప్రతి సిమ్యులేటర్ ‘ఇంత సమయానికి పోవచ్చా’ అని అడుగుతుంది, మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ అందరి లుక్‌ఎహెడ్ చూసి అనుమతిస్తుంది. మళ్లీ లైన్ క్లియరే.

ఏ పద్ధతి ఎంచుకున్నా, సరిగ్గా నడుస్తోందో లేదో చూసే మోటు పరీక్ష ఒకటుంది. చిన్న మోడల్‌ను ఒకే ప్రాసెసర్ మీద, తర్వాత ఎనిమిదింటి మీద నడిపి, రెండు సార్లూ జరిగిన ఘటనల చిట్టాలను వరుసవారీగా పోల్చడం. తేడా వస్తే చాలామంది నేరుగా జీవీటీ కోడ్‌ను అనుమానిస్తారు. అంతకంటే ముందు సమాన సమయాలు చూడాలి. 10:40కే గూడ్సూ వచ్చింది, 10:40కే ప్యాసింజరూ వచ్చింది, ప్లాట్‌ఫాం ఒక్కటే. ఏది ముందన్నది టైమ్‌స్టాంప్ చెప్పదు. నియమం రాయకపోతే ఏ మెసేజ్ ముందు చేరితే దానికే ప్లాట్‌ఫాం, అది నెట్‌వర్క్‌ను బట్టి ప్రతిసారీ మారుతుంది. సమయం పక్కన బండి నంబరు కూడా చేర్చి, ఆ రెంటి వరుసలో తీస్తే, ఎనిమిది ప్రాసెసర్ల చిట్టాలోనూ ఒక్క ప్రాసెసర్ చిట్టాలోనూ 10:40 దగ్గర అదే బండి ముందు కనిపిస్తుంది.